కూలిపోయిన రంగ్ మహల్

మా అక్క కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదివే రోజుల్లో ఇంటికొచ్చి ఒక బొమ్మరిల్లు కథ చెబుతుండేది. కాలేజీ పెద్ద భవనం వెనుక తోటలో అచ్చు అదే భవనాన్ని పోలిన చిన్న నమూనా ఒకటి వుందనీ, పరదా దాటి బయటికి రాకూడని ఒక బేగం కోసం ఆమెను చేసుకున్న దొర దాన్ని కట్టించాడనీ ఆ కథ. తన మేడ ముందువైపు ఎలా వుంటుందో ఆమెకు చూపించాలని దొరకు కోరికట. అక్క కళ్ళు పెద్దవి చేసుకుని చెప్పేది, మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం. ఆ తరువాత ఆ బేగం ఏమైందీ అని ఒకసారి నేనడిగితే అక్క దగ్గర జవాబు లేదు. కథ బొమ్మరిల్లు దగ్గరే ఆగిపోయేది. హైదరాబాదులో చాలామందికి ఇప్పటికీ అక్కడే ఆగిపోతుంది. ఆ తరువాతిది నేను పుస్తకాలు తిరగేసి పెద్దయ్యాక తెలుసుకున్నాను.

ఆ బేగం పేరు ఖైరున్నీసా. పుట్టింది సుమారు 1786లో. ఆమె వాళ్ళది హైదరాబాదు నగరంలో పేరున్న సయ్యదు కుటుంబం. ఇరాన్ దేశంలోని షుస్తర్ పట్టణం నుంచి వచ్చి నిజాం కొలువులో పెద్ద పదవులు సంపాదించిన షుస్తరీ వంశంతో వాళ్ళు చుట్టరికాలు గలవాళ్ళు. తండ్రి మెహదీ యార్ ఖాన్ చిన్నతనంలోనే పోయాడు. తల్లి షరఫున్నీసా బేగం కూతుళ్ళను వెంటబెట్టుకుని పుట్టింటికి చేరింది. ఆ ఇంటి పెద్ద, తాతగారైన బాకర్ అలీ ఖాన్, నిజాం దగ్గరుండే ఇంగ్లీషు పటాలానికి జీతాల వ్యవహారం చూసే బక్షీ. మీర్ ఆలం ఆయనకు దగ్గర బంధువు. మీర్ ఆలం చెరువు అంటే మనకందరికీ తెలుసు కదా, ఆ మీర్ ఆలమే. సయ్యదు ఇంటి పిల్లను సయ్యదుకు తప్ప ఇవ్వరు. అది వంశం మాట, పరువు మాట. ఇంకో కులీనుడి ఇంటి కుర్రవాడితో ఖైరున్నీసాకు సంబంధం కూడా ఖాయమైపోయింది.

ఇక దొర సంగతి. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, తన సవతి అన్న విలియం తరువాత, 1798 నాటికి హైదరాబాదులో రెసిడెంటు అయ్యాడు. రెసిడెంటు అంటే నిజాం దర్బారులో కంపెనీవారి ప్రతినిధి. ఆ ఏడాదే నిజాం అలీ ఖాన్ చేత కొత్త ఒడంబడిక చేయించి, అక్టోబరులో ఫ్రెంచివాళ్ళు నడిపే పెద్ద పటాలాన్ని తుపాకీ పేల్చకుండా నిరాయుధం చేయించాడు. మనవాళ్ళు మూసారాం అని పిలుచుకున్న రేమండ్ దొర తయారుచేసిన పటాలం అది. అప్పటికి ఆయన చనిపోయి కొన్ని నెలలైంది. ఈ పనితో కిర్క్‌పాట్రిక్ పేరు కలకత్తాలో మారుమోగింది. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. దొర పారశీకం మాట్లాడేవాడు, ముస్లిం ఉమ్రావుల్లాగా బట్టలు కట్టేవాడు, హుక్కా తాగేవాడు. నగరంలో ఆయనకు అదొక గౌరవం.

ఖైరున్నీసా అక్కగారి పెళ్ళిలో, పరదా చాటునుంచి ఆమె మొదటిసారి ఈ దొరను చూసిందని చెబుతారు. ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు పోవాలి. అప్పటికి ఆమె వయసు ఇంచుమించు 13, ఆయనది 34. ఈ నాటి లెక్కలో హైస్కూలు పిల్ల. ఆ కాలంలో ఆ ఈడుకే పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు, ఖాయమైన సంబంధం కూడా ఆ వయసుకే ఖాయమైంది, నిజమే. కానీ దీన్ని అమర ప్రేమగాథ అని రాసేవాళ్ళు ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టకపోవడం నాకు నచ్చదు. ప్రేమ లేదని నేననడం లేదు. ఆ తరువాత జరిగినవన్నీ చూస్తే ఆయనకు ఆమె మీద వున్నది ఉత్త మోజు అని ఎవరూ అనలేరు. కానీ ఆ ప్రేమకు మూల్యం చెల్లించింది ఎవరన్నది చూడాలి.

కుటుంబం ఒకవైపు, ప్రేమ ఒకవైపు అని మనం సినిమాల్లో చూసినంత తేటగా ఈ ఇంట్లో గీత గీయలేం. ఎందుకంటే కుటుంబమే రెండుగా చీలింది. ఖాయమైన సంబంధం తనకొద్దని ఖైరున్నీసా భీష్మించుకు కూర్చుంది. తల్లి షరఫున్నీసా కూతురి పక్షం చేరింది. అమ్మమ్మ కూడా ఆడవాళ్ళ వైపే. ఎదురు నిలిచింది తాతగారు. వంశం పరువు పోయిందని ఆయన కోపం, దానికి తోడు బంధువుల సూటిపోటి మాటలు. ఇందులో రాజకీయం కూడా చొరబడింది. దివాను అరస్తూ జా, మీర్ ఆలం ఒకరంటే ఒకరికి గిట్టనివాళ్ళు. మీర్ ఆలం ఇంటి బంధువుల పిల్ల రెసిడెంటుకు దక్కితే, రెసిడెంటు తన గుప్పిట్లో వుంటాడని అరస్తూ జా ఎత్తు. శ్రీరంగపట్నం యుద్ధంలో నిజాం సేనకు నాయకుడిగా వెళ్ళి టిప్పు పతనం చూసి తిరిగొచ్చిన మీర్ ఆలంకు ఇది తల కొట్టేసినట్లయింది. 1800లో ఆయన పదవి పోయింది, నగరం విడవాల్సి వచ్చింది. దానికి కారణం ఈ దొరేనన్న పగ ఆయన మనసులో వుండిపోయింది. ఆ పగ ఏడెనిమిదేళ్ళ తరువాత ఎవరి మీద పడిందో ముందు చెబుతాను.

1800 చివరలో రహస్యంగా నిఖా జరిగింది. దొర ఇస్లాం పుచ్చుకున్న తరువాతే. షియా మతాచార్యుడొకరు ఆ తంతు జరిపించారు. 1801 మార్చి 4న పాతనగరంలో అమ్మమ్మగారింట్లో కొడుకు పుట్టాడు. మీర్ గులాం అలీ, సాహిబ్ ఆలం అని పేరు. మరుసటేడు ఏప్రిల్ 9న కూతురు నూరున్నీసా, సాహిబ్ బేగం. ఈలోగా కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి ఆకాశరామన్న ఉత్తరాలూ, చెవిలో గుసగుసలూ చేరాయి. 1801 నవంబరు 7న మద్రాసులో గవర్నరు క్లైవు ఎదుట, హైదరాబాదు పటాలానికి చెందిన ఇద్దరు సైనికాధికారుల చేత అతి గోప్యంగా ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకున్నారు. రెసిడెంటు మతం మారాడా, ఆ పిల్లను బలవంతాన తెచ్చుకున్నాడా, తన కంపెనీకి ద్రోహం చేస్తున్నాడా, ఇవీ ప్రశ్నలు. దొర తన పై అధికారులకు మొదట్లో నిజమంతా చెప్పలేదన్నది కూడా ఒప్పుకోవాలి. తల్లి షరఫున్నీసా, ఇది తమ ఇష్టంతో జరిగిందని చెప్పి అల్లుణ్ణి కాపాడింది. చివరికి వెల్లెస్లీ ఆయన్ను పదవిలోనే వుంచాడు.

గమనించారా, ఇంతమంది విచారణలు జరిపారు, ఇందరు సాక్ష్యాలు చెప్పారు, ఇందరు ఉత్తరాలు రాసుకున్నారు. ఆ అమ్మాయి చేతిరాత కాగితం ఒక్కటి కూడా మనదాకా రాలేదు. మనకు ఆమె గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం మొగవాళ్ళ ఉత్తరాల్లోంచి ఏరుకున్నదే.

ఆ తరువాతి నాలుగేళ్ళే ఆమె జీవితంలో వెన్నెల. పిల్లల్నీ బేగంనీ దొర రెసిడెన్సీకి తెచ్చుకున్నాడు. వాళ్ళకోసం జనానా కట్టించాడు. మొగలాయి పద్ధతిలో, చిత్రాలతో, నీటి తొట్లతో, ఫౌంటెన్లతో అందంగా వుండేదట. పేరు రంగ్ మహల్. 1803లో దాని ముందు పెద్ద భవనం పని మొదలైంది. మద్రాసు ఇంజనీర్ల పటాలానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ దాని నమూనా గీశాడు. ఆరు పెద్ద స్తంభాలు, మెట్ల కిరువైపులా సింహాలు, ఇప్పుడు కోఠీలో మనం చూస్తున్నది అదే. ఈ స్థలం గురించి ఒక పిట్టకథ వుంది. దొర స్థలం కావాలని పెద్ద దుప్పటంత పటం గీయించి నిజాం ముందు పరిస్తే నిజాం కుదరదన్నాడట. తన రాజ్యం పటాలేవీ అంత పెద్దవి కావు మరి! అదే స్థలాన్ని చిన్న అట్ట ముక్క మీద గీసి చూపిస్తే సంతోషంగా ఇచ్చేశాడట. మూసీ ఒడ్డున ఆ మేడ లేస్తూ వుంటే, వెనుక రంగ్ మహల్లో ఇద్దరు పిల్లలు ఉర్దూ మాట్లాడుతూ, హైదరాబాదు పిల్లల్లాగా పెరుగుతున్నారు.

1805లో అసలు పరీక్ష వచ్చింది. కంపెనీ దొరల పద్ధతి ప్రకారం పిల్లల్ని చదువుకు ఇంగ్లండు పంపాలి. ఇక్కడే వుంటే సంకర సంతానమని వాళ్ళకు కంపెనీ కొలువుల్లో తలుపులు మూసేస్తారు. అక్కడికి పోతే ఇంగ్లీషు పిల్లలుగా చెలామణీ కావొచ్చు. తండ్రి లెక్క అది, అందులో పిల్లల మేలే వుంది. కొడుక్కి నాలుగేళ్ళు, కూతురికి మూడు. తల్లి ఏమనుకున్నది ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆ కూతురు 36 ఏళ్ళ తరువాత రాసిన ఉత్తరంలో ఆ రోజు గుర్తుంది. తల్లి ఎక్కడ కూర్చుని ఏడ్చిందో, పొడుగాటి జుట్టును ఎలా పీక్కుందో ఆ పసిదానికి గుర్తుండిపోయింది. నేను చదివినదాంట్లో ఇంతకు మించి నన్ను కదిలించినది ఇంకోటి లేదు. తాతను ఎదిరించి ప్రేమను గెలిపించుకున్న పిల్ల, ఆ ప్రేమ పంటను తన ఒడిలోంచి తనే దించి ఓడ ఎక్కించాల్సి వచ్చింది.

పిల్లల్ని మద్రాసు తీసుకువెళ్ళి, జార్జి చినరీ అనే చిత్రకారుడి చేత వాళ్ళ నిలువెత్తు బొమ్మ వేయించారు. జలతారు బట్టలు, ముత్యాలతో ఇద్దరూ మెట్ల మీద నిలబడి వుంటారు. కూతురు చూపు కిందికి వాలి వుంటుంది. తల్లికి మిగిలింది ఆ బొమ్మ. సెప్టెంబరులో ఓడ కదిలింది. అప్పటికే కాలేయం జబ్బుతో కృశించిన దొర, కొత్త గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌ను కలవడానికి కలకత్తా వెళ్ళాడు. విధి ఎలాంటిదంటే, కారన్‌వాలిస్ అక్టోబరు 5న ఘాజీపూర్‌లో చనిపోయాడు. ఆయన్ను కలవబోయిన కిర్క్‌పాట్రిక్ అక్టోబరు 15న కలకత్తాలో కన్నుమూశాడు. వయసు 41. పార్క్ స్ట్రీటు శ్మశానంలో సమాధి చేశారు. తను కట్టిస్తున్న మేడ పూర్తి కావడం కూడా ఆయన చూడలేదు.

వీలునామా తెరిచారు. పిల్లలిద్దరికీ చెరో పదివేల పౌన్లు. బేగంకు పదివేల హైదరాబాదు రూపాయలు, అదికూడా ప్రేమకు గుర్తుగా. ఆమెకు సొంత జాగీర్లూ నగలూ వున్నాయి కనుక వేరే ఏర్పాటు అక్కర్లేదని కారణం రాశాడు. డబ్బు సంగతి పోనీ. ఆ కాగితంలో ఆమె భార్య కాదు, తన పిల్లల తల్లి మాత్రమే. పిల్లలు ఇంగ్లీషు చట్టం భాషలో అక్రమ సంతానం. మతం మార్చుకుని నిఖా చేసుకున్న మనిషి, ఆమె మీద అంతులేని ప్రేమ వుందని అదే కాగితంలో రాసిన మనిషి, భార్య అనే ఒక్క మాట రాయలేకపోయాడు. కంపెనీ చట్టం ముందు ఆ మాట చెల్లదని ఆయనకు తెలుసు. తెలిసి రాశాడు.

ఆమెకప్పుడు సుమారు 19 ఏళ్ళు. 1806లో తల్లితో కలిసి కలకత్తా వెళ్ళింది, భర్త సమాధి చూడడానికి. హైదరాబాదు నుంచి కలకత్తా అంటే ఆ రోజుల్లో నెలల ప్రయాణం. అక్కడ ఆమెను ఆదరించింది జనరల్ పామర్ బేగం ఫైజ్ బక్ష్. చరిత్ర విద్యార్థులు పామర్ కంపెనీ దివాలా గురించి చదివే వుంటారు, ఆ పామర్ ఈమె కొడుకే. అక్కడే హెన్రీ రస్సెల్ అనే యువకుడు, కిర్క్‌పాట్రిక్ దగ్గర అసిస్టెంటుగా చేసినవాడు, ఆమెకు అండగా నిలిచాడు. ఆ అండ ప్రేమగా మారింది. ఆమెను తప్పుపట్టేవాళ్ళు పట్టవచ్చు. భర్త పోయి, పిల్లలు సముద్రాలకు అవతల చేరి, ఉత్తరం ముక్క కూడా రాని స్థితిలో వున్న పిల్ల ఆమె. నేను మాత్రం పట్టను.

కబురు హైదరాబాదు చేరింది. అప్పటికి దివాను ఎవరనుకున్నారు? 1804లో అరస్తూ జా చనిపోయాక కంపెనీ వాళ్ళే పట్టుబట్టి గద్దెనెక్కించిన మీర్ ఆలం. కుష్ఠురోగంతో శరీరం శిథిలమైనా పాత పగ మాత్రం శిథిలం కాలేదు. వంశానికి రెండుసార్లు మచ్చ తెచ్చిన ఆడది నగరంలో అడుగుపెట్టకూడదన్నాడు. కంపెనీ ప్రభుత్వం కూడా తల వూపింది. హిందూస్తానంలో ఇంత పెద్ద ప్రభుత్వాలు రెండు కలిసి ఒక విధవరాలిని ఊళ్ళోకి రానివ్వకపోవడం! ఆమె బందరులో ఆగిపోవాల్సి వచ్చింది. కంపెనీ ఏలుబడిలో వున్న రేవుపట్నం అది. ఒకప్పుడు ప్రపంచమంతా కలంకారీ కోసం ఎగబడ్డ బందరు, అప్పటికి వ్యాపారం పడిపోయి ఉప్పుగాలికి పాడుబడుతోంది. ఆ ఎండల్లో ఆ తల్లీ కూతుళ్ళు ఏళ్ళ తరబడి ఒక మనిషి కోసం ఎదురు చూశారు.

ఆ మనిషి రాలేదు. 1808 అక్టోబరులో రస్సెల్ మద్రాసులో ఇంకో పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఆ కబురు ఖైరున్నీసాకు చెప్పే భారం కూడా తన తమ్ముడి మీదే వేశాడు. ఆ కొత్త పెళ్ళికూతురు ఆర్నెల్లు తిరక్కుండానే జబ్బు చేసి చనిపోయింది. తరువాత రస్సెల్ హైదరాబాదుకే రెసిడెంటుగా వచ్చి, కిర్క్‌పాట్రిక్ కట్టించిన మేడలో దర్జాగా కాపురం పెట్టాడు. మీర్ ఆలం చనిపోయాడు గనక ఎట్టకేలకు ఆమె కూడా సొంతవూరు చేరగలిగింది. అప్పటికి పుట్టిల్లు పుట్టిల్లుగా లేదు, మెట్టిల్లు మెట్టిల్లుగా లేదు. తాత మాట కాదని ఆ గడప దాటింది, భర్త మాట నమ్మి పిల్లల్ని పంపింది, రస్సెల్ మాట నమ్మి బందరులో కూర్చుంది. మూడు చోట్లా రేవడే మిగిలింది.

1813లో ఆమెకు జబ్బు ముదిరింది. రోగం పేరు ఇదీ అని చెప్పదగినది ఏమీ లేదు, మనిషి కరిగిపోయింది. రంగ్ మహల్లో చనిపోతానని కోరితే రస్సెల్ ఒప్పుకున్నాడు. ఆ మాత్రం చేశాడు. తల్లి, ఫైజ్ బేగం పక్కన వుండగా, 1813 సెప్టెంబరు 22న పిల్లలు ఆడుకున్న ఆ ఇంట్లోనే ఆమె ప్రాణం పోయింది. వయసు 27.

పిల్లల మాట. ఇంగ్లండు చేరిన కొద్ది నెలలకే 1806 మార్చిలో వాళ్ళకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తాత ఇంట్లో పెరిగారు. తల్లితో ఉత్తరాలు సాగనివ్వలేదు. కొడుకు చిన్నతనంలో మరిగే నీళ్ళ కాగులో పడి వికలాంగుడయ్యాడు, 1828లో చనిపోయాడు. కూతురు కిట్టీ అందాల రాశి అయింది. థామస్ కార్లైల్ కుర్రతనంలో ఆమె మీద మనసు పడ్డాడని చెబుతారు. ఆయన రాసిన సార్టర్ రిసార్టస్‌లో బ్లూమీన్ అనే నాయికకు మూలం ఈ మన హైదరాబాదు పిల్లేనని సాహిత్య విమర్శకుల మాట. ఎమ్మే ఇంగ్లీషు వాళ్ళు ఆ పుస్తకం ఎలాగూ చూస్తారు, ఈసారి ఆ పేరు దగ్గర కాస్త ఆగండి. 1829లో కిట్టీ ఒక కెప్టెన్‌ను పెళ్ళాడింది, సముద్రపు ఒడ్డున టార్కీ పట్నంలో స్థిరపడింది.

ఒకనాడు ఆమె స్వాలోఫీల్డు అనే ఊళ్ళో ఒక పెద్దింటికి చూడ్డానికి వెళ్ళింది. ఆ ఇల్లు హెన్రీ రస్సెల్‌ది. మెట్ల దగ్గర గోడ మీద, జలతారు బట్టల్లో తనూ అన్నా. చినరీ వేసిన బొమ్మ. తల్లి దగ్గర వుండాల్సిన బొమ్మ ఆ మనిషి ఇంట్లో! కిట్టీ అక్కడే బావురుమంది. (ఆ బొమ్మ చివరికి ఆమెకే చేరింది.) ఆ రస్సెల్ ద్వారానే ఆమెకు ఇంకో సంగతి తెలిసింది. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే వుందని.

1841లో కిట్టీ ఇంగ్లీషులో రాసింది. ముసలమ్మ పారశీకంలో చెప్పి రాయించింది. మధ్యలో రెసిడెన్సీలో పనిచేసే ఒక అధికారి తర్జుమా చేసేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి మతం ఒకరిది కాదు. జాగీర్లన్నీ పోయి ముసలమ్మ పేదరికంలో వుంది. అయినా ఆరేళ్ళపాటు ఆ ఉత్తరాలు ఆగలేదు. అమ్మను గురించి చెప్పమని మనుమరాలు అడిగితే అమ్మమ్మ ఒక ఉత్తరంతో పాటు చిన్న పొట్లం పంపింది. అందులో ఖైరున్నీసా జుట్టు పాయ. కూతురు పోయిన దగ్గర్నుంచీ దాచుకున్నది. ఆ జుట్టే, పిల్లలు వెళ్ళిపోయిన రోజున ఆమె పీక్కున్నది. షరఫున్నీసా 1847లో కన్నుమూసింది. కిట్టీ 1889దాకా బతికింది. హైదరాబాదును మళ్ళీ చూడలేదు.

రంగ్ మహల్‌ను 1860లో అప్పటి రెసిడెంటు పడగొట్టించాడు. ముందున్న పెద్ద భవనం 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. చాలా ఏళ్ళు పాడుబడి, మళ్ళీ బాగుచేయించారు. ఆ కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. మొన్న కోఠీలో బస్సు దిగి అక్కను తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ తోట వెనుక, ఒకప్పుడు జనానా వుండిన చోట, ఆమె నాకు ఇంకేం చూపించగలదు, గోడ మొదళ్ళు కూడా లేవు. మెట్ల మీద సింహాల పక్కన ఇద్దరమ్మాయిలు కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు. అక్క వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఖైరున్నీసా గురించి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి బొమ్మరిల్లు దగ్గర ఆపలేదు.